ఇంట్లోకి వచ్చిన కొత్త భాషకు పనేమిటి?

చిత్తూరు, పలమనేరు వైపు ఇళ్లలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ముందు గుర్తొచ్చేది వేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకోవడానికి పోయినవాళ్లు వారం పది రోజులు లాడ్జిలో దిగుతారు. మెస్సులో, మందుల షాపులో, ఆటోలో తమిళంలోనే పని జరుపుకుని వస్తారు. ఆ తమిళాన్ని వాళ్లకు ఏ బడీ నేర్పలేదు. నగరి, నాగలాపురం, సత్యవేడు వైపైతే అంత దూరం పోనక్కర్లేదు. పక్కింట్లో తమిళం, కోడలి పుట్టింట్లో తమిళం. కుప్పంలో దానికి కన్నడం తోడవుతుంది. చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు పట్టణాల్లో ఉర్దూ చెవిన పడకుండా బజారు చేసి రావడం కష్టం.

ఇవే ఇళ్లలో పిల్లల ఇంగ్లీషు కోసం ఏటా పెద్ద మొత్తాలే ఖర్చవుతున్నాయి. ఈమధ్య జర్మన్, జపనీస్ కోచింగ్ కూడా ఖర్చుల్లో చేరింది. పదేళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివిన అబ్బాయి, కస్టమర్ కేర్ వాళ్లు ఇంగ్లీషులో మొదలుపెట్టగానే ఫోన్ నాన్న చేతికి ఇచ్చేస్తాడు. మూడో తరగతితో బడి మానేసిన అవ్వ వేలూరు పక్కనున్న కాట్పాడి స్టేషన్ బయట ఆటో అతనితో తమిళంలో బేరమాడి కొంత తగ్గిస్తుంది. అవ్వకు భాషల విషయంలో ప్రత్యేకమైన తెలివేమీ లేదు, మనవడికి తక్కువా లేదు. భాష ఇద్దరి దగ్గరికీ వేర్వేరు దారుల్లో వచ్చింది.

కొత్త భాష ఒక ఇంట్లో నిలవాలంటే రెండు ఉండాలి. ఆ భాష లేకపోతే జరగని పని ఒకటి, ఆ భాషలో తప్ప మాట్లాడడం కుదరని మనిషి ఒకరు. ఇవి ఉన్నచోట వ్యాకరణం, పుస్తకం, టీచరు ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది లేదు. ఇవి లేనిచోట ఎంత ఫీజు కట్టినా భాష నోట్‌బుక్ దాటి బయటికి రాదు. వేలూరు తమిళం, ఇంగ్లీషు మీడియం, కువైట్ అరబ్బీ, వీసా కోసం నేర్చుకునే జర్మన్, అమెరికాలో పెరిగే మనవళ్ల తెలుగు: అన్నిటినీ ఇదే కొలతతో చూస్తే ఏది ఎందుకు వస్తోందో, ఏది ఎందుకు రావడం లేదో చాలావరకు తెలిసిపోతుంది.

సరిహద్దు ఇళ్ల సంగతి

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు లాంటి తాలూకాలు అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చాయి. మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి. భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాక కూడా ఈ మూల లెక్క ఒక పట్టాన తేలలేదు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు ఇటు వచ్చాయి. ఎవరు ఏ రాష్ట్రంలో ఉన్నా పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఆగలేదు. సంతలు ఆగలేదు. అలా రెండో భాష ఇక్కడ ఎవరూ ప్రత్యేకంగా నేర్చుకోకుండానే తరం నుంచి తరానికి చేరుతూ వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కనీసం రెండు భాషలు వచ్చినవాళ్లు దాదాపు 26 శాతం, మూడు వచ్చినవాళ్లు దాదాపు 7 శాతం. ఈ సరిహద్దు మండలాల్లో ఎవరినైనా అడిగితే తెలుగు ఒక్కటే వచ్చంటారు. సంతలో మాట్లాడే తమిళాన్ని, పక్కింటి ఉర్దూని 'వచ్చిన భాష'గా లెక్కవేసే అలవాటు మనకు లేదు. సర్టిఫికెట్ ఉంటేనే భాష వచ్చినట్టు!

ఈ తమిళం ఎలా వచ్చిందో కొంచెం దగ్గరగా చూడాలి. మాట్లాడేటప్పుడు తప్పులు ఎవరూ దిద్దరు. అర్థమైతే చాలు, పని నడిచిపోతుంది. తమిళ మాట తట్టకపోతే అక్కడ తెలుగు మాట వేసి ముందుకు పోతారు. ఎదుటివాళ్లకూ కొంత తెలుగు వచ్చు కాబట్టి నవ్వి ఊరుకుంటారు. టెన్షన్ లేదు, మార్కులు లేవు. పైగా ప్రతి మాటకూ వెంటనే ఫలితం కనిపిస్తుంది: ఇడ్లీ వచ్చింది, ఆటో ఆగింది, ధర తగ్గింది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల దుకాణాల వాళ్లకు తమిళం, కన్నడం, హిందీ వచ్చింది కూడా ఇలాగే. యాత్రికుడు ఏ భాషలో అడిగితే ఆ భాషలో ధర చెప్పలేకపోతే అతను పక్క కొట్టుకు పోతాడు.

ఈ భాషకు హద్దులూ ఉన్నాయి. బేరం, బంధుత్వం, బస్సు, ఒళ్లు నొప్పులు, వీటి వరకు గడగడా వస్తుంది. తమిళ పేపరు చేతికిస్తే అక్షరం రాదు. ఆస్తి తగాదా గురించి తమిళంలో వాదించమంటే ఆగిపోతారు. భాషను ఏ పనికి వాడితే ఆ పని మేరకే వస్తుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కూడా తిరుపతిలోనే ఉంది. ధనుర్మాసంలో తిరుమల ఆలయంలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు. ఆండాళ్ తమిళంలో పాడిన 30 పాశురాలవి. తెలుగు లిపిలో అచ్చయిన చిన్న పుస్తకాలు చూసి నెలంతా పాశురాలు చదివే ఇళ్లు తిరుపతిలో ఎన్నో ఉన్నాయి. ఏటా వింటూ వింటూ ముప్పై పాశురాలూ తప్పు లేకుండా అప్పజెప్పే పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి తమిళంలో మంచినీళ్లు అడగడం రాదు. ఇందులో పారాయణానికి వచ్చిన లోటేమీ లేదు, దాని ఉద్దేశం వేరు. భాష నేర్చుకోవడం వరకే చూస్తే, ఎంత విన్నా, ఎంత కంఠస్థం చేసినా, ఆ భాషలో ఎవరినైనా ఏదైనా అడగాల్సిన అవసరం రాకపోతే అది మాటగా మారదు. మన ఇంగ్లీషు చదువులో చాలా భాగం ఈ కోవలోకే వస్తుంది.

'రైస్ తిను, వాటర్ తాగు'

చదువుకున్న ఇళ్లలో మూడేళ్ల పిల్లతో పెద్దవాళ్లు మాట్లాడే ఇంగ్లీషు కాసేపు వింటే రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఆజ్ఞలు: కమ్, సిట్, డోంట్ టచ్, ఈట్ ఫాస్ట్, అంకుల్‌కి హాయ్ చెప్పు. రెండోది తెలుగు వాక్యంలో ఇంగ్లీషు పేర్లు: రైస్ తిను, వాటర్ తాగు, డాగ్ వచ్చింది చూడు, హ్యాండ్స్ వాష్ చేసుకో. కథ, వేళాకోళం, కోపం, బుజ్జగింపు, ఊళ్లో జరిగిన సంగతి మాత్రం తెలుగులోనే.

ఈ రెండో పద్ధతిలో పిల్లకు దక్కేదేమిటో లెక్క చూసుకోవాలి. ఇంగ్లీషు వాక్యం ఒక్కటీ రాలేదు, ఎందుకంటే క్రియ, విభక్తి, వాక్యం అన్నీ తెలుగువే. పోయింది మాత్రం ఉంది: కుక్క, చెయ్యి, అన్నం, నీళ్లు. రెండేళ్లు ఇలా గడిస్తే ఆ పిల్ల తెలుగులో వస్తువుల పేర్లు చెప్పలేదు, ఇంగ్లీషులో వాక్యం చెప్పలేదు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుతున్నామన్న తృప్తి పెద్దవాళ్లకు మిగులుతుంది.

ఇంగ్లీషు మీడియానికి మద్దతుగా తరచు చెప్పే వాదన ఒకటుంది: పిల్లల్ని చిన్నప్పుడే పూర్తిగా ఆ భాషలో ముంచేస్తే అదే వస్తుంది. ఈ వాదనకు మూలంలో కెనడా అనుభవం ఉంది. మాంట్రియల్ దగ్గరి సెయింట్ లాంబర్ట్‌లో 1965లో, ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకు కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదువు పెట్టించారు. పిల్లలకు ఫ్రెంచి బాగా వచ్చింది, ఇంగ్లీషు దెబ్బతినలేదు. ఆ ప్రయోగాన్ని దగ్గరుండి గమనించిన మనస్తత్వవేత్త వాలెస్ లాంబర్ట్ తర్వాత ఒక ముఖ్యమైన తేడా చెప్పాడు. ఇంటి భాషకు బయట గౌరవం, బలం ఉన్నప్పుడు కొత్త భాష దానికి తోడవుతుంది. ఇంటి భాషను తక్కువగా చూసే చోట కొత్త భాష వచ్చి దాని చోటు లాక్కుంటుంది. సెయింట్ లాంబర్ట్ పిల్లలకు ఇంట్లో, వీధిలో, టీవీలో ఇంగ్లీషు ఉంది. అది పోయే ప్రమాదం లేదు. బడిలో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే చోట పరిస్థితి వేరు.

కెనడా కథలో రెండో భాగం మన దగ్గర పెద్దగా వినపడదు. అలా ఫ్రెంచిలో చదివిన పిల్లలు విని అర్థం చేసుకోవడంలో ఆ భాష పుట్టుకతో వచ్చిన పిల్లలకు దాదాపు సమానంగా ఉన్నా, మాట్లాడడంలో, రాయడంలో వెనకబడ్డారు. భాషావేత్త మెరిల్ స్వెయిన్ 1985లో దీనికి కారణం వివరించింది: వినడం ఒక్కటే సరిపోదు, తమ భావాన్ని పూర్తి వాక్యాల్లో చెప్పక తప్పని పరిస్థితి వాళ్లకు తరగతిలో అంతగా రాలేదు. నలభై మంది ఉన్న తరగతిలో టీచరు మాట్లాడుతుంటే పిల్లలు 'ఎస్ టీచర్' అనడమే ఎక్కువగా ఉండే మన బడులకు ఈ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. కస్టమర్ కేర్ ఫోన్ నాన్న చేతిలోకి ఎందుకు పోతుందో ఇక్కడే తెలుస్తుంది. ఆ అబ్బాయికి అర్థం కాక కాదు, ఇంగ్లీషులో తన మాట తాను చెప్పుకోవాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

తల్లిదండ్రుల భయాల్లో ఒకటి మాత్రం పూర్తిగా వదిలేసుకోవచ్చు. రెండు మూడు భాషలు వింటే పిల్లలు తికమకపడతారని, మాటలు ఆలస్యమవుతాయని అంటుంటారు. పరిశోధనలు దీన్ని సమర్థించడం లేదు. రెండు భాషలు కలిపి మాట్లాడడం ఆ వయసులో మామూలే. మాటలు నిజంగా ఆలస్యమైతే వినికిడి పరీక్ష చేయించాలి, స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. ఇంట్లో తెలుగు మానేయడం దానికి వైద్యం కాదు.

మరి ఇంగ్లీషు అంతగా రాని అమ్మానాన్నలు ఏం చేయాలి? తమకు బాగా వచ్చిన భాషలో ధారాళంగా మాట్లాడడం, ఇంగ్లీషుకు పుస్తకాన్ని తోడు తెచ్చుకోవడం. పైకి చదివి వినిపించే బొమ్మల కథలో, తల్లి సొంతంగా పలకలేని వాక్యాలు కూడా ఆమె నోటి నుంచే పిల్లకు చేరతాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో ఒకే కథ తెలుగులో, ఇంగ్లీషులో, ఇంకా ఎన్నో భాషల్లో ఉచితంగా దొరుకుతుంది. ముందు తెలుగులో చెప్పి, మర్నాడు అదే కథ ఇంగ్లీషులో చదివితే పిల్ల అర్థం కోసం తడుముకోదు. ఉచ్చారణ సరిగా లేదేమో అని తల్లులు వెనకాడుతుంటారు. అంత వెనకాడాల్సింది లేదు, ఉచ్చారణ తర్వాత దిద్దుకోవచ్చు.

చెవి, తెర

పసిపిల్లల చెవి గురించి తెలిసిన సంగతులు ఇక్కడ పనికొస్తాయి. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ట, త శబ్దాల తేడాను పట్టుకోగలిగారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు పోయింది. ఇంట్లో వినని తేడాను చెవి పక్కన పెట్టేసింది. అమెరికాలో పెరిగిన పిల్లల నోట 'పాట', 'పాత' ఒకేలా వినిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. తిరుపతిలో పుట్టిన పిల్లకు ఆ తేడాలు పుట్టుకతో వచ్చిన ఆస్తి. తమిళం, ఉర్దూ కూడా వినే ఇళ్లలో అది ఇంకా ఎక్కువ.

దీన్ని చదివి వెంటనే పసిపిల్ల ముందు టీవీ పెట్టేసే ప్రమాదం ఉంది కాబట్టి ఇంకో ప్రయోగం కూడా చెప్పాలి. ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనీస్ మాండరిన్ వినిపించింది. కొందరితో మాండరిన్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ గడిపారు. పన్నెండు సార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. ఆ పిల్లలు మాండరిన్ శబ్దాల తేడాను బాగా పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలోనో ఆడియోలోనో విన్న పిల్లలకు ఏమీ రాలేదు. అన్నం తినిపించడానికి ఫోన్‌లో రైమ్స్ పెట్టే ఇళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. రైమ్స్ వల్ల రంగుల పేర్లు, అంకెలు వస్తాయి, అవి చుట్టాల ముందు చెప్పించడానికి బాగుంటాయి. వాటితో పిల్ల ఎవరినీ ఏమీ అడగదు.

పెద్దయ్యాక నేర్చుకునేవాళ్లు నిరాశపడక్కర్లేదు. హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ 2018లో దాదాపు 6.7 లక్షల మంది ఆన్‌లైన్ జవాబుల మీద చేసిన విశ్లేషణలో వ్యాకరణం పట్టే శక్తి పదిహేడేళ్ల దాకా బాగానే నిలుస్తుందని తేలింది. ఆ తర్వాత కూడా భాష వస్తుంది, పుట్టుకతో వచ్చినవాళ్లతో సమానంగా రావడమే కష్టం. వీసా ఆఫీసు గానీ అత్తగారు గానీ అంత అడగరు.

కువైట్ నుంచి తిరిగొచ్చిన అరబ్బీ

రాయలసీమ నుంచి కువైట్‌కు వలస దశాబ్దాలుగా సాగుతోంది. కడప, రాయచోటి, పీలేరు వైపు నుంచి ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లు, డ్రైవర్లుగా పోయిన మగవాళ్లు ఎంతోమంది. వాళ్లలో చాలామందికి పోయేటప్పుడు అరబ్బీ అక్షరం రాదు, వచ్చేటప్పుడూ రాదు. అయినా ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి పిల్లలకు తినిపించి, ఆడించి, వాళ్లతో అరబ్బీలోనే గొడవపడేంత భాష వస్తుంది. మొదటి రోజు నుంచే వంటింట్లో పని ఉంది, మాట్లాడి తీరాల్సిన మనుషులున్నారు. దీన్ని గొప్పగా చెప్పుకోవడానికి లేదు. మాట అర్థం కాకపోతే తిట్టు పడుతుందన్న భయం, జీతం ఆగుతుందన్న టెన్షన్ ఆ చదువు వెనక ఉన్నాయి. ఆకలి నేర్పిన భాష అది.

పైగా అందరికీ అందే అరబ్బీ ఒకే రకం కాదు. రకరకాల దేశాల కూలీలు కలిసి పనిచేసే చోట పుట్టిన అతుకుల అరబ్బీని భాషావేత్తలు గల్ఫ్ పిడ్జిన్ అంటారు. అందులో క్రియలకు మార్పులు పెద్దగా ఉండవు, మాటలు పక్కపక్కన పేర్చుకుంటూ పోవడమే. రోజంతా ఒక కుటుంబం మధ్య గడిపే మనిషి చెవిన అంతకంటే నిండైన భాష పడుతుంది.

ఊరికి తిరిగొచ్చాక ఆ అరబ్బీ ఏమవుతుంది? చాలావరకు మౌనంగా ఉండిపోతుంది. ఇంట్లో ఆ భాషతో పని లేదు, పిల్లలకు నేర్పాలన్న ఆలోచన రాదు, దానికి ఊళ్లో విలువా లేదు. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్లు ఇద్దరున్న ఇంట్లో మాత్రం కథ మారుతుంది. పిల్లలకు తెలియకూడని సంగతులు అరబ్బీలో నడుస్తాయి. పిల్లలు ముందు పట్టుకునేదీ వాటినే. డబ్బుల లెక్క, బంధువుల మీద చాడీలు, రేపటి ప్రయాణం, ఇవన్నీ ఏ భాషలో దాస్తే ఆ భాష పిల్లలకు తొందరగా వస్తుంది. పిల్లల ముందు రహస్యాలు ఇంగ్లీషులో మాట్లాడుకునే అమ్మానాన్నలు తెలియకుండానే ట్యూషన్ కంటే మంచి పాఠం చెబుతున్నారు.

పరీక్ష కోసం వచ్చే భాషలు

సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కొబెల్కో లాంటి జపాన్ కంపెనీల ఫ్యాక్టరీలున్నాయి. జపాన్‌లోనే పని చేయడానికి 2019లో వచ్చిన నైపుణ్య కార్మికుల వీసాకు సాధారణంగా జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో ఎన్4 స్థాయి (ఐదు స్థాయిల్లో కింది నుంచి రెండోది) గానీ దానికి సమానమైన జేఎఫ్‌టీ బేసిక్ పరీక్ష గానీ కావాలి. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా జర్మన్‌లో బీ2 (ఆరు మెట్లలో నాలుగోది) దాకా చేరాలి. అక్కడున్న భర్త దగ్గరికి భార్య, భార్య దగ్గరికి భర్త పోవాలంటే మామూలుగా ఏ1, అంటే మొదటి మెట్టు సర్టిఫికెట్ అడుగుతారు. పెద్ద చదువుల ఉద్యోగులకిచ్చే బ్లూ కార్డు మీద పోయినవాళ్ల కుటుంబాలకు మినహాయింపు ఉంది. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ తిరుపతి వాళ్లకు దగ్గరలో చెన్నైలోనే ఉంది.

జపనీస్ గురించి ఒక భయం ఎక్కువగా ప్రచారంలో ఉంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ లెక్కలో జపనీస్‌కు దాదాపు 2200 తరగతి గంటలు పడతాయి, తెలుగుకు 1100. ఇవి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల గంటలు. తెలుగువాళ్లకు ఆ దూరం కొంత తగ్గుతుంది. జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది, మన 'లో, కి, తో' లాంటివి మాట వెనకే చేరతాయి, పెద్దవాళ్లతో ఒకలా, చిన్నవాళ్లతో ఒకలా మాట్లాడే మర్యాద ఉంది. చైనా లిపి నుంచి వచ్చిన కంజి అక్షరాల దగ్గర మాత్రం మనకూ రాయితీ లేదు.

పరీక్ష ఉంటే పని ఉన్నట్టే కదా అనిపించవచ్చు. కొంతవరకు నిజమే. కానీ పరీక్షలన్నీ ఒకలాంటివి కావు. జపనీస్ జేఎల్‌పీటీలో ఏ స్థాయిలోనూ మాట్లాడే పరీక్ష లేదు. పాసయ్యాక కూడా నోరు తెరవని వాళ్లు ఉండడంలో ఆశ్చర్యం లేదు. జర్మన్ ఏ1లో మాట్లాడే భాగం ఉంది. తనను తాను పరిచయం చేసుకోవాలి, పేరు అక్షరం అక్షరం చెప్పాలి, కార్డు చూసి ప్రశ్న అడగాలి, ఏదైనా కావాలని మర్యాదగా అడగాలి. మొత్తం వందకు 60 వస్తే పాస్.

ఇంట్లో ఒక్కరే భాష నేర్చుకుంటున్నప్పుడు మిగతావాళ్లు చేసే సాయం సాధారణంగా రెండు రకాలు: 'చదువుకుంటోంది, కదిలించొద్దు' అనడం, లేదా ఫ్రిజ్ మీద, తలుపు మీద జర్మన్ పేర్ల చీటీలు అంటించడం. చీటీల వల్ల పెద్దగా ఉపయోగం లేదు. నాలుగు రోజుల తర్వాత కన్ను వాటిని చూడదు, అవి ఎవరినీ ఏమీ అడగవు. ఫోన్ యాప్‌ల సంగతీ దాదాపు ఇంతే. వరుసగా ఎన్ని రోజులు చేశామో చూపించే స్ట్రీక్ పోతుందన్న టెన్షన్‌తో రాత్రి పదకొండు గంటలకు రెండు పాఠాలు పూర్తి చేస్తారు. మాటలు గుర్తుంటాయి, మనిషితో మాట మాత్రం కలవదు. దానికంటే జర్మనీలో ఉన్న భర్తతో రోజూ మాట్లాడే ఫోన్‌లో మొదటి పది నిమిషాలు జర్మన్‌కు కేటాయించి, ఈరోజు ఏం కొన్నావు, ఎంతయింది, రేపు ఎన్నింటికి పోతావు అని ఆ భాషలోనే అడిగి తెలుసుకోవడం మేలు. పరీక్షలో అడిగేది కూడా అవే. భర్త జర్మన్ అంతంత మాత్రమే అయినా ఫరవాలేదు, నిజంగా తెలుసుకోవాలనుకునే జవాబు అవతల ఉంటే చాలు.

రోజూ పది నిమిషాలా, ఆదివారం రెండు గంటలా అన్నదానికి జవాబు చాలా పాతది. హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లో, అర్థం లేని అక్షర గుంపులను తానే కంఠస్థం చేసి మరిచిపోతూ లెక్క రాసుకున్నాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే ఎక్కువ మరుపు వస్తుందని, మధ్యలో ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చూసుకుంటే నిలుస్తుందని తేల్చాడు. ఆదివారం క్లాసు పెట్టుకున్నా, మధ్యలో ఆరు రోజులు ఆ భాషకు ఇంట్లో ఏదో ఒక చిన్న పని ఉండాలి: కూరగాయల జాబితా రాయడం, గ్యాస్ బుక్ చేసిన తేదీ క్యాలెండర్ మీద రాయడం, పాల లెక్క.

తెలుగే కొత్త భాష అయినప్పుడు

తిరుపతిలో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో అసలు ప్రశ్న తలకిందులుగా ఉంటుంది. అక్కడ పుట్టిన మనవలకు తెలుగే ఇంట్లో మాత్రమే ఉండే భాష. బెల్జియంలో అన్నిక్ డి హౌవర్ ఇలాంటి 1,899 కుటుంబాల వివరాలు సేకరించి 2007లో ప్రచురించింది. బయట డచ్, ఇంట్లో ఇంకో భాష ఉన్న కుటుంబాలవి. దాదాపు నాలుగో వంతు ఇళ్లలో పిల్లలకు ఇంటి భాష మాట్లాడడం రాలేదు. తల్లి ఒక భాష, తండ్రి ఒక భాష మాట్లాడే పద్ధతిని చాలామంది గొప్పగా చెబుతారు. ఆ ఇళ్లలో దాదాపు నూటికి 74 చోట్లే అది ఫలించింది. ఇద్దరూ ఇంటి భాష ఒక్కటే మాట్లాడిన చోట నూటికి 97 దాకా ఫలించింది.

తెలుగు ఇళ్లలో జరిగేది సాధారణంగా ఇలా ఉంటుంది: అమ్మానాన్నలు తెలుగులో అడుగుతారు, పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు, అందరికీ అర్థమవుతుంది, బండి నడిచిపోతుంది. ఇంగ్లీషులో చెప్పినా ఇంట్లో అందరికీ అర్థమవుతున్నప్పుడు తెలుగులో చెప్పాల్సిన అవసరం పిల్లకు ఎక్కడ నుంచి వస్తుంది? ఆ అవసరం మిగిలి ఉన్నది ఒక్క చోటే. తిరుపతిలో అవ్వా తాతల దగ్గర.

అందుకే మనవరాలితో మాట్లాడడానికి ఇంగ్లీషు నేర్చుకునే అవ్వ విషయంలో ఒక చిక్కు ఉంది. ఆమె ప్రేమ గొప్పదే. కానీ ఆమె 'హౌ వాజ్ స్కూల్, నాన్నా?' అని మొదలుపెట్టిన రోజు నుంచి ఆ పిల్లకు తెలుగులో తప్ప మాట్లాడడం కుదరని చివరి మనిషి లేకుండా పోతుంది. అవ్వ ఇంగ్లీషు నేర్చుకోకూడదని ఎవరూ అనలేరు. విమానాశ్రయంలో, అక్కడి షాపులో, పక్కింటివాళ్లతో ఆమెకు అది కావాలి. ఆ ఇంగ్లీషును బయట పనులకు ఉంచుకుని, మనవరాలి దగ్గర రానట్టే ఉండడం లాభం.

అవ్వ తెలుగులోనే మాట్లాడినా ఇప్పటి ఫోన్లలో జరిగేది తక్కువే. 'అన్నం తిన్నావా? ఏం చేస్తా ఉండావు?' అన్న రెండు ప్రశ్నలకు 'ఊ', 'ఏం లేదు' అని జవాబు వచ్చాక ఫోన్ అమ్మ చేతికి పోతుంది. తెర మీద భాష రాదని పైన చెప్పిన ప్రయోగం చదివి వీడియో కాల్ దండగ అనుకోకూడదు. రోజ్‌బెర్రీ, హిర్ష్ పాసెక్, గోలింకాఫ్ 2014లో రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లల మీద చేసిన పరిశీలనలో, రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు నేర్చుకోని పిల్లలు, తమను చూసి తమకే జవాబిచ్చే వీడియో కాల్ నుంచి నేర్చుకున్నారు. తెర అడ్డం కాలేదు, అవతలి మనిషి స్పందించడమే ముఖ్యమైంది.

కాబట్టి ఫోన్‌కు కూడా ఒక పని ఇవ్వాలి. వారానికి ఒక వంట మంచి ఎంపిక: పులిహోర, ఉగ్గాణి, బొరుగుల ఉండ, ఏదైనా పిల్ల చేతులతో చేయగలిగింది. అవ్వ చెబుతుంది, పిల్ల చేస్తుంది. అవ్వ 'తగినంత ఉప్పు' అంటే ఎంతో పిల్లకు తెలియదు, అడగక తప్పదు. నూనె కాగిందో లేదో చెప్పక తప్పదు. వంట మీద ఆసక్తి లేని పిల్లకు తాతతో చదరంగమో, పాత ఫొటోల్లో ఎవరెవరో పేర్లు రాసిపెట్టే పనో సరిపోతుంది. ఫోన్ స్టాండ్‌లో పెట్టి అమ్మానాన్నలు పక్క గదిలోకి పోవడం మంచిది. వాళ్లు పక్కనే నిలబడితే పిల్ల ఇంగ్లీషులో అమ్మను అడుగుతుంది, అమ్మ తెలుగులో అవ్వకు చెబుతుంది, జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది. కాల్ గంటసేపు నడిచినా పిల్ల తెలుగులో ఒక్క వాక్యం కూడా మాట్లాడదు.